అద్దె మనది... ఆపద ఎవరిది?

"అద్దెకిచ్చిన ఇంటికి ఇన్సూరెన్స్ చేయించుకోవచ్చా? అది హలాలా, హరామా?" ఈ మధ్య కాలంలో మాకు తరచుగా ఎదురవుతున్న ప్రశ్నల్లో ఇదొకటి. అడిగేవారంతా ధనవంతులేమీ కాదు. గల్ఫ్ దేశాల్లో ఏళ్ళ తరబడి చెమటోడ్చి, ఆ సొమ్ముతో కడపలోనో నిజామాబాదులోనో మూడంతస్తుల ఇల్లు కట్టుకొని, ఒక అంతస్తులో తాముండి మిగతావి అద్దెకిచ్చినవారు అడుగుతున్నారు. భర్త చనిపోయాక రెండు పోర్షన్ల కిరాయితోనే పిల్లల్ని చదివించుకుంటున్న తల్లులు అడుగుతున్నారు. ఇల్లు కాలిపోతే ఏమిటి గతి? మన ఇంట్లో ఉన్నవారికి ఏదైనా అయితే నష్టపరిహారం ఎక్కడి నుండి తేవాలి? ఇది వారి ఆవేదన.

ఈ ఆవేదన సహేతుకమైనదే. అయితే ప్రశ్నను మనం చివరి నుండి మొదలుపెడుతున్నామేమో అనిపిస్తుంది. ఇన్సూరెన్స్ హలాలా హరామా అన్నదానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నెలనెలా మనం తీసుకుంటున్న అద్దె మనకు ఎందుకు హలాల్ అయింది? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే, ఆపద వచ్చినప్పుడు బాధ్యత ఎవరిదో, దాన్ని ఎంతవరకు ఇతరుల భుజాల మీదికి మార్చవచ్చో కూడా తేటతెల్లమవుతుంది.

అద్దెకూ వడ్డీకీ తేడా ఎక్కడ?

ఒక వ్యక్తి పది లక్షలు అప్పిచ్చి నెలకు ఐదు వేలు వడ్డీ తీసుకుంటాడు. మరొకడు పది లక్షలు పెట్టి రెండు గదులు కట్టి నెలకు ఐదు వేలు అద్దె తీసుకుంటాడు. పైపైన చూస్తే ఇద్దరూ కూర్చొని తింటున్నట్లే ఉంటుంది. కాని షరీఅత్ మొదటిదాన్ని ఘోరపాపంగా ప్రకటించింది, రెండవదాన్ని ధర్మసమ్మతం చేసింది. కారణమేమిటి?

అప్పిచ్చినవాడి డబ్బు మునగదు. తీసుకున్నవాడి దుకాణం కాలినా, పంట పోయినా అసలూ వడ్డీ రెండూ ఇచ్చి తీరాల్సిందే. ఇంటి యజమాని సంగతి అలా కాదు. భూకంపం వస్తే కూలేది అతని ఇల్లే. వరద వస్తే మునిగేది అతని గోడలే. వానకు పైకప్పు కారితే బాగు చేయించాల్సింది అతనే. ఈ భారం అతని మీద ఉన్నందువల్లనే, ఆ ఇంటి ప్రయోజనానికి వెల తీసుకునే హక్కు అతనికి లభించింది.

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటన హదీసు గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని ఉల్లేఖించారు. ఒక వ్యక్తి బానిసను కొన్నాడు. కొంతకాలం అతని చేత పని చేయించుకున్నాక ఏదో లోపం బయటపడింది. బానిసను తిరిగి ఇచ్చివేయాలని తీర్పు అయింది. అప్పుడు అమ్మినవాడు, ఇన్నాళ్ళూ పని చేయించుకున్న సంపాదన కూడా నాకే చెందాలి అన్నాడు. దైవప్రవక్త (స) ఆ వాదాన్ని అంగీకరించలేదు. నష్టం వస్తే భరించే బాధ్యత ఎవరి మీద ఉంటుందో, రాబడి కూడా వారికే చెందుతుందని స్పష్టం చేశారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఉన్న ఈ హదీసు నుండే ఫిఖహ్ పండితులు ఒక మూలసూత్రాన్ని గ్రహించారు. రాబడి, బాధ్యత రెండూ కలిసి నడుస్తాయి. తన బాధ్యతలో లేని వస్తువు మీద లాభం పొందడాన్ని కూడా దైవప్రవక్త (స) వారించారు.

ఈ సూత్రం కాగితాలకే పరిమితమైనది కాదు. దీని ఆధారంగానే ఫుఖహా అద్దె వ్యవహారాల నియమాలను రూపొందించారు. అద్దెకుండే వ్యక్తి చేతిలో ఇల్లు ఒక అమానత్. అతను హద్దు మీరితేనో, నిర్లక్ష్యం చేస్తేనో తప్ప నష్టానికి బాధ్యుడు కాడు. గోడలు, పైకప్పు, నీరు పోయే తూములు వంటివాటి మరమ్మతు యజమానిదే. ఆ మరమ్మతులన్నీ కిరాయిదారే చేయించుకోవాలని షరతు పెడితే హనఫీ మతానుసారం ఆ ఒప్పందమే చెడిపోతుంది. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోతే ఆ నాటి నుండి అద్దె అడిగే హక్కు ఉండదు.

మన దేశ చట్టం కూడా ఈ విషయంలో ఇంచుమించు ఇదే దారిలో ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అగ్నిప్రమాదం వల్లనో తుఫాను వరదల వల్లనో ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా పాడైపోతే, అందులో కిరాయిదారు తప్పు లేనప్పుడు, అతను కోరితే ఆ అద్దె ఒప్పందం రద్దవుతుంది. యజమాని చేయించాల్సిన మరమ్మతును తెలియజేసిన తరువాత కూడా అతను చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు.

మరి మనలో కొందరు ఏం చేస్తున్నారు? మోటారు కాలినా కిరాయిదారుదే ఖర్చు, గోడకు తేమ పట్టినా కిరాయిదారుదే ఖర్చు. ఖాళీ చేసేటప్పుడు రంగు వెలిసిందని, తలుపు పాతబడిందని చెప్పి అడ్వాన్సులో సగం కోసుకుంటారు. రాబడి అంతా తనకు, భారమంతా ఎదుటివానికి! అప్పుడు ఆ అద్దెకూ వడ్డీకీ మధ్య ఉన్న గీత ఎంత పలుచబడిపోతుందో ఆలోచించండి. పేరు అద్దె కావచ్చు, కాని దాన్ని హలాల్ చేసిన కారణం అందులో నుండి జారిపోతూ ఉంటుంది.

ఒరిగిన గోడ

ఇంతవరకు చెప్పుకున్నది యజమాని సొంత నష్టం సంగతి. ఇంతకన్నా గంభీరమైనది, అతని ఇంటి వల్ల ఇతరులకు జరిగే నష్టం. దీని గురించి మన ఫిఖహ్ గ్రంథాల్లో ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది.

మన దేశపు మద్రసాలలో తరతరాలుగా బోధించబడుతున్న 'హిదాయా' గ్రంథాన్ని హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించారు. అందులో ఒరిగిన గోడను గురించిన ఆదేశాలు ఉన్నాయి. ఒకని గోడ దారి వైపు ఒరిగింది. ఎవరో చూసి, ఈ గోడ పడిపోయేలా ఉంది, తీసేయండి అని చెప్పారు. తీసేయడానికి తగినంత వ్యవధి ఉన్నా అతను తీయలేదు. గోడ కూలి ప్రాణమో ధనమో నష్టమైతే అతను బాధ్యుడు.

ఇందులోని సూక్ష్మాలు గమనించదగినవి. హెచ్చరించే హక్కు ఎవరికి ఉంది? ఆ దారిన నడిచే ప్రతి ఒక్కరికీ ఉంది. ముస్లిం అయినా ముస్లిమేతరుడైనా తేడా లేదు. ఎందుకంటే దారి మీద అందరికీ హక్కుంది. ఎవరిని హెచ్చరించాలి? గోడను తీసివేయగల అధికారం ఉన్నవాడిని. అద్దెకున్నవానికి చెబితే చెల్లదు, ఎందుకంటే గోడ పడగొట్టే అధికారం అతనికి లేదు. అంటే అద్దె ఒప్పందం రాసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత యజమాని భుజం దిగదు. గడువు ఇవ్వవచ్చా? గోడ దారి వైపు ఒరిగితే హెచ్చరించిన వ్యక్తి గానీ, చివరికి ఖాజీ గానీ గడువు ఇవ్వలేరు. అది ఒకరి సొత్తు కాదు, ప్రజలందరి హక్కు. మరి మొదటి నుండే గోడను ఒరిగేలా కట్టి ఉంటే? అప్పుడు హెచ్చరిక కూడా అక్కర్లేదు. కట్టిన నాడే బాధ్యత మొదలయింది.

ఎనిమిది శతాబ్దాల క్రితం రాసిన ఈ మాటలు మన వీధుల గురించి రాసినట్లు లేవా? 2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోత వర్షం కురిసిన రాత్రి, బండ్లగూడలోని మొహమ్మదియా హిల్స్ ప్రాంతంలో గోడ కూలి ఇళ్ళ మీద పడి, నిద్రలో ఉన్నవారి ప్రాణాలు పోయాయి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికిందరాబాద్ భోయిగూడలోని తుక్కు గోదాములో మంటలు లేచి, పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు మరణించారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పై అంతస్తుల్లోని కుటుంబాలకు చెందిన కనీసం తొమ్మిది మంది పొగకూ మంటలకూ బలయ్యారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు.

ఎవరి నేరం ఎంత అన్నది న్యాయస్థానాలు తేల్చాల్సిన విషయం. మనం తెలుసుకోవలసిన పాఠం మాత్రం స్పష్టంగా ఉంది. మనుషులు నిద్రించే చోట కింద ఏం నిల్వ చేశామో, పైకి వెళ్ళే మెట్లు ఎన్నో, మీటరు బోర్డు దగ్గర వైర్లు ఎలా ఉన్నాయో... ఇవన్నీ మన కాలపు ఒరిగిన గోడలు.

భారాన్ని పంచుకోవడం తప్పా?

"మరి ఇంత పెద్ద బాధ్యత ఒక్కడే ఎలా మోస్తాడు? అందుకే కదా ఇన్సూరెన్స్!" అని ఎవరైనా అనవచ్చు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. ఎందుకంటే భారాన్ని పంచుకోవడమన్న భావన ఇస్లాంకు కొత్తది కాదు.

పొరపాటున ప్రాణం తీసినవాడి మీద పడే దియత్‌ను, అంటే రక్తధనాన్ని, షరీఅత్ అతని ఒక్కని మీదే వేయలేదు. అతని 'ఆఖిలా' మీద, అంటే అతనికి అండగా నిలిచే బంధువర్గం మీద వేసింది. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనాకాలంలో సైనికుల జీతభత్యాల పట్టికలు, అంటే దీవాన్, ఏర్పరచినప్పుడు, ఒకే దీవానులో నమోదైనవారిని ఒకరికొకరు ఆఖిలాగా నిర్ణయించారు. ఆ సొమ్ము మూడు సంవత్సరాలలో వసూలయ్యేది. ఒరిగిన గోడ కూలి మనిషి చనిపోయినా దియత్ ఆఖిలా మీదే. అయితే ఆస్తి నష్టం మాత్రం యజమాని సొంత జేబులో నుండే.

చేయని తప్పుకు బంధువులు ఎందుకు కట్టాలి? హిదాయా రచయిత దీనికి చెప్పిన కారణం ఎంతో లోతైనది. మనిషి అజాగ్రత్తగా ప్రవర్తించేది తన వెనుక అండ ఉందన్న ధైర్యంతో. ఆ అండ అతనివారే. అతన్ని కనిపెట్టి ఉండి, అదుపు చేయకపోవడం వారి లోపం. కాబట్టి వారూ చెల్లించాలి.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆఖిలా వ్యవస్థలో డబ్బు పంచుకోవడం, కనిపెట్టి ఉండటం రెండూ ముడిపడి ఉన్నాయి. రేపు నీ గోడ కూలితే నేనూ కట్టాలి, కాబట్టి ఈ రోజే నీ గోడ సంగతి నేను అడుగుతాను. మందలిస్తాను. అవసరమైతే నలుగురినీ పిలిచి పడగొట్టిస్తాను. భారం పంచుకున్నవారు మనిషిని మరింత జాగ్రత్తపరుడిగా మార్చారు.

ఇప్పుడు ఇన్సూరెన్స్ కాగితం మనలో ఏం చేస్తోందో చూద్దాం. పై పోర్షనులో ఉన్న కిరాయిదారు వచ్చి, "భాయ్‌సాబ్, మెట్ల దగ్గర గోడకు పగులొచ్చింది, ఒకసారి చూడండి" అంటాడు. యజమాని, "చూద్దాంలే భాయ్, ఇంటికి ఇన్సూరెన్స్ ఉందిగా!" అంటాడు. ఈ ఒక్క మాటలో ప్రమాదం మొత్తం ఉంది. ఇన్సూరెన్స్ ఇటుకల ఖరీదు ఇవ్వగలదేమో గాని, ఆ మెట్ల మీద ఆడుకునే బిడ్డను తిరిగి తేగలదా? ఆ బిడ్డ తండ్రి రేపు ప్రళయదినాన అల్లాహ్ ఎదుట మన చొక్కా పట్టుకుంటే, అక్కడ ఏ పాలసీ నంబరు చెబుతాం?

పండితులు ఏమన్నారు?

ఇక అసలు మస్అలాకు వద్దాం. ఆధునిక ఇన్సూరెన్సును గురించి చర్చించిన తొలి హనఫీ పండితుల్లో ప్రముఖులు డమాస్కస్‌కు చెందిన అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్మ). 1836లో మరణించిన ఆయన, తన కాలంలో ఓడ సరుకులకు యూరప్ వర్తకుల వద్ద చేయించే 'సౌకరా' అనే బీమాను పరిశీలించి, పోయిన సరుకుకు బదులుగా ఆ సొమ్ము తీసుకోవడం ఇస్లామీ రాజ్యంలో ధర్మసమ్మతం కాదని అభిప్రాయపడ్డారు. తాను బాధ్యత వహించనవసరం లేని నష్టానికి బీమా చేసినవాడు డబ్బు కట్టడం ఒక చెల్లని షరతు అన్నది ఆయన వాదన.

1978లో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖహ్ మండలిలో అత్యధికులు వాణిజ్య ఇన్సూరెన్సును నిషిద్ధమన్నారు. షేఖ్ ముస్తఫా జర్ఖా (రహ్మ) మాత్రం ఏకీభవించలేదు. ఇది జూదం కాదు, నష్టాన్ని పలువురి మీద పంచే ఏర్పాటు అన్నది ఆయన అభిప్రాయం. 1985 డిసెంబరులో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ కూడా, నిర్ణీత ప్రీమియంతో కూడిన వాణిజ్య ఇన్సూరెన్సు ఒప్పందంలో తీవ్రమైన 'గరర్' అంటే అనిశ్చితి ఉన్నందువల్ల అది చెల్లదని తీర్మానించింది. పరస్పర సహకార పద్ధతి మీద నడిచే బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది.

ఆ పద్ధతినే నేడు 'తకాఫుల్' అంటున్నాం. అందులో పాల్గొనేవారు తమ సొమ్మును విరాళ భావంతో ఒక నిధిలో వేస్తారు. ఎవరికి నష్టం వస్తే వారికి ఆ నిధి నుండి సాయం అందుతుంది. నిర్వహించే కంపెనీ తన రుసుము తీసుకుంటుందే గాని నిధికి యజమాని కాదు. సొమ్మును వడ్డీలో పెట్టరు. 1979లో సూడాన్‌లో ఇలాంటి తొలి కంపెనీ ఏర్పడింది. 1984లో మలేషియా దీనికి ప్రత్యేక చట్టం చేసింది. దీని వెనుక ఉన్న భావన దైవప్రవక్త (స) కాలం నాటిదే. అష్అరీ తెగవారు ఆహారం తగ్గిపోయినప్పుడు, ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి అందరూ సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (స) వారిని ఎంతగానో ప్రశంసించారని సహీహ్ బుఖారీలో ఉంది.

మన దేశంలో తకాఫుల్‌కు ప్రత్యేక చట్టం లేదు. మరోవైపు మతకల్లోలాల్లో ముస్లింల ఇళ్ళు, దుకాణాలు తగలబడిన చేదు అనుభవాలు ఉన్నాయి. ఈ పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని, 1989లో మౌలానా ఖాజీ ముజాహిదుల్ ఇస్లాం ఖాస్మీ (రహ్మ) స్థాపించిన ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ ఇండియా 1990ల తొలినాళ్ళలో తన సదస్సుల్లో ఈ అంశాన్ని చర్చించింది. మూల ఆదేశం నిషేధమే అయినా, ప్రాణధనాలకు ముప్పు ఉన్నచోట అవసరం మేరకు సడలింపు ఉందన్న అభిప్రాయం అక్కడ వ్యక్తమయింది. సడలింపు ఇవ్వని ముఫ్తీలూ ఉన్నారు. సడలింపు ఇచ్చినవారిలోనూ కొందరు, మనం కట్టిన ప్రీమియం మేరకే వాడుకొని మిగతాది పుణ్యఫలం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలంటారు. కాబట్టి ప్రతి ఒక్కరూ తమ పరిస్థితిని ఉన్నదున్నట్లుగా నమ్మకమైన ముఫ్తీ ముందు పెట్టి, ఆయన సలహా మేరకు నడుచుకోవడం క్షేమకరం. పక్కింటివారికి ఇచ్చిన సడలింపును మనకు మనమే అన్వయించుకోకూడదు.

సొంత నష్టం, పరుల నష్టం ఒకటి కావు

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. "నా ఇల్లు పోతే సహనం వహిస్తాను. కాని నా ఇంటి వల్ల ఒక పేదవాడి కాలు విరిగితే? నా దగ్గర డబ్బు లేదు. నాకు ఇన్సూరెన్స్ ఉంటే అతనికి పరిహారం అందుతుంది. లేకపోతే అతనికి నా కన్నీళ్ళు తప్ప ఏమీ దక్కవు. అప్పుడు ఇన్సూరెన్స్ లేకపోవడమే అన్యాయం కాదా?"

ఈ మాటలో బలం ఉందని మేము అంగీకరిస్తున్నాం. తన ధనాన్ని కాపాడుకోవడం వేరు, తన మీద ఉన్న ఇతరుల హక్కు చెల్లించగలిగేలా ఉండటం వేరు. దాసుల హక్కులు తౌబాతో మాత్రమే మాఫీ కావు, అవి చెల్లించవలసిందే లేదా హక్కుదారుడు క్షమించవలసిందే. కాబట్టి ముఫ్తీని అడిగేటప్పుడు ఈ రెండింటినీ వేరు వేరుగా చెప్పి అడగాలి.

ఆచరణలో కూడా ఇవి వేర్వేరని చాలామందికి తెలియదు. 2021 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా గృహ పాలసీ ఇవ్వాలని, హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అగ్నిప్రమాదం, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు వంటివి ఇందులోకి వస్తాయి. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే పోయిన అద్దె కూడా వస్తుంది. లెక్కగట్టేది నిర్మాణ ఖర్చునే గాని స్థలం విలువను కాదు. కాని ఇది ముఖ్యంగా యజమాని ఆస్తికి రక్ష. మన ఇంటి వల్ల గాయపడ్డవానికి ఇవ్వాల్సిన పరిహారం ఇందులో భాగం కాదు, దానికి వేరే పాలసీ ఉంటుంది. అలాగే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పటి పరిస్థితిని ఊహించండి. ఇంటి యజమాని తన కట్టడానికి పాలసీ తీసుకుంటే గోడలకు డబ్బు రావచ్చు. కింది అంతస్తులో అద్దెకున్నవారి బియ్యం, బట్టలు, కుట్టుమిషను మాత్రం ఆ పాలసీలోకి రావు. మనం రక్షణలో ఉన్నామంటే మన ఇంట్లో ఉన్నవారూ రక్షణలో ఉన్నారని అర్థం కాదు. ఆ సంగతి వారికి ముందే చెప్పడం మన నిజాయితీ.

పాలసీ తీసుకున్నవారు మరో విషయంలోనూ అల్లాహ్‌కు భయపడాలి. కింద గోదాము పెట్టి, ఫారంలో నివాసగృహమని రాస్తే అది అబద్ధం. దాని వల్ల క్లెయిము పోవడం ఇహలోక నష్టం, మోసగాళ్ళలో లెక్కింపబడటం పరలోక నష్టం.

విదేశాల్లో ఉన్న సోదరులకు

అమెరికా వంటి దేశాల్లో స్థిరపడిన మన తెలుగు ముస్లిం సోదరులు కొందరు అక్కడ ఇళ్ళు కొని అద్దెకిస్తున్నారు. అక్కడ కిరాయిదారు మెట్ల మీద జారిపడినా పెద్ద మొత్తానికి దావా పడవచ్చు. అందువల్ల ఒక్కో ఇంటిని ఒక్కో పరిమిత బాధ్యత కంపెనీ పేరిట రాసి, దావా వచ్చినా ఆ కంపెనీ ఆస్తి దాటి తమ సొంత ఆస్తి దాకా రాకుండా చూసుకుంటారు.

పరిమిత బాధ్యతను గురించి జస్టిస్ ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ గారు విపులంగా చర్చించారు. వక్ఫ్, బైతుల్‌మాల్ వంటివాటితో పోల్చి, ప్రజలకు వాటాలు అమ్మే పెద్ద కంపెనీల విషయంలో దీనికి చోటుండవచ్చని, వ్యవహారాలన్నీ స్వయంగా తెలిసిన కొద్దిమంది నడిపే సొంత సంస్థలకు మాత్రం దీన్ని వర్తింపజేయకూడదని ఆయన అభిప్రాయపడ్డారు. ఒకే మనిషి, ఒకే ఇల్లు, మధ్యలో ఒక కాగితపు కంపెనీ! మెట్లు విరిగి ఉన్నాయని అతనికి తెలుసు. కంపెనీ ఖాతా ఖాళీగా ఉంచింది కూడా అతనే. లోకం చట్టం అతన్ని వదిలిపెట్టవచ్చు. కాని గాయపడ్డవాని హక్కు అతని మెడ నుండి దిగిందని మేము మాత్రం చెప్పలేము.

మరి ఏం చేయాలి?

దైవప్రవక్త (స) ఒక సహచరునికి ఒంటెను ముందు కట్టేసి, ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమని బోధించారు. ఈ బోధనను ఇన్సూరెన్సుకు ఆధారంగా కొందరు చెబుతుంటారు. కాని జాగ్రత్తగా చూడండి. ఒంటెను కట్టడమంటే ఒంటె పోకుండా చూడటం. పోయిన ఒంటెకు డబ్బు రాబట్టుకోవడం తరువాతి సంగతి. అద్దె ఇళ్ళ యజమానులుగా మనం కట్టాల్సిన తాళ్ళు ఇవి:

మొదటిది, సంవత్సరానికొకసారి వానాకాలం ముందు ఇల్లంతా తనిఖీ చేయాలి. ప్రహరీ గోడ, పిట్టగోడ, పైకప్పు, నీళ్ళ ట్యాంకు, కరెంటు వైర్లు చూడాలి. తెలిసిన మేస్త్రీని, ఎలక్ట్రీషియనును పిలిపించాలి. ఆ ఖర్చును నష్టంగా భావించకూడదు. అద్దెను హలాల్‌గా ఉంచే ఖర్చు అది.

రెండవది, మనుషులు నివసించే భవనంలో మండే పదార్థాలు నిల్వ చేయకూడదు, చేయనివ్వకూడదు. ఎక్కువ కిరాయి వస్తుందని కింది అంతస్తును గోదాముకు ఇచ్చి, పై అంతస్తుల్లో కుటుంబాలను ఉంచడం వారి ప్రాణాలతో బేరమాడటమే. మెట్ల దారిలో సామాన్లు పేర్చకూడదు, మేడ తలుపుకు తాళం వేసి ఉంచకూడదు.

మూడవది, ఒప్పందం రాసుకోవాలి. వ్యవహారాలను రాతపూర్వకంగా ఉంచమని దివ్య ఖుర్‌ఆన్ (అల్ బఖరా : 282) ఆదేశిస్తోంది. ఏ మరమ్మతు ఎవరిదో, అడ్వాన్సు ఎంతో, ఏ కారణానికి మినహాయిస్తారో స్పష్టంగా ఉండాలి. కిరాయిదారు ముస్లిం అయినా కాకపోయినా న్యాయం ఒక్కటే.

నాలుగవది, వచ్చే అద్దెలో కొంత భాగం ఆపదల కోసం, ఇతరుల హక్కు చెల్లించడం కోసం వేరుగా ఉంచాలి. నెలకు వెయ్యి రూపాయలైనా సరే. ముప్పై వేలు తీసుకొని ముప్పై వేలూ ఖర్చు పెట్టేవాడు, అందులో ఇంకొకరి హక్కు దాగి ఉందని మరచిపోయాడన్నమాట.

ఐదవది, మన మస్జిదుల పరిధిలో ఇంటి యజమానులంతా కలిసి ఒక సహాయనిధి ఏర్పరచుకోవచ్చు. ఎవరికీ ఇంత ఇస్తామన్న హామీ లేకుండా, విరాళంగా మాత్రమే, లెక్కలు తెరిచి ఉంచి నడపాలి. హామీ ఇచ్చి ప్రీమియం వసూలు చేస్తే అది బీమా వ్యాపారమవుతుంది, దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ నిధి పెద్ద నష్టాలను తీర్చలేకపోవచ్చు. కాని అందులో చేరినవారు ఒకరి గోడను ఒకరు చూసుకుంటారు. ఆఖిలా వ్యవస్థలోని ప్రాణం అదే కదా!

సోదర సోదరీమణులారా! మన ఇంట్లో అద్దెకుంటున్న కుటుంబం మనకు డబ్బు మాత్రమే ఇవ్వడం లేదు. తమ పిల్లల్ని రాత్రిపూట మన పైకప్పు కింద పడుకోబెట్టి, నిశ్చింతగా కళ్ళు మూసుకుంటున్నారు. మనం వారి ఇంటిని కాపాడాలని కాగితం మీద రాసుకున్నా రాసుకోకపోయినా, ఆ నమ్మకం ఒక అమానత్. ఈ నెల అద్దె తీసుకోవడానికి వెళ్ళినప్పుడు డబ్బు లెక్కపెట్టుకొని వెనుదిరగకండి. ఒక్క నిమిషం ఆగి, "ఇంట్లో ఎక్కడైనా ఇబ్బందిగా ఉందా?" అని అడగండి. వారు చూపిన పగులును ఆ వారంలోనే పూడ్పించండి.

అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక! మన ఇళ్ళను, వాటిలో నివసించే ప్రతి ఒక్కరినీ ఆపదల నుండి కాపాడుగాక! ఇతరుల హక్కు మన మెడ మీద ఉండగా తన సన్నిధికి చేరే దుర్గతి నుండి మనల్ని రక్షించుగాక! ఆమీన్.